సాలీళ్ళకి పొలం మందు కొట్టే పద్ధతి ఆపించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మా పాత గుంటూరులో పెంకుటిళ్ళు, దూలాల మిద్దెలు ఇంకా చాలానే ఉన్నాయి. అటక మీద, దూలాల సందుల్లో, వాడకం లేని పెరటి గదుల్లో సాలీళ్ళు ఉండటం కొత్త సంగతేమీ కాదు. కానీ సాలీడు కరిచి చెయ్యి కుళ్ళిపోయిందంటూ ఎక్కడివో ఫోటోలు వాట్సాప్‌లో తిరగడం మొదలయ్యాక జనానికి టెన్షన్ పట్టుకుంది. భయపడితే పడ్డారు, దానికి చేస్తున్న పని చూస్తే నాకు సాలీడు కంటే ఎక్కువ భయం వేస్తోంది. మిర్చికో పత్తికో కొట్టగా మిగిలిన మందు ఊళ్ళో చుట్టాల దగ్గర్నుంచి తెచ్చుకుని, నీళ్ళలో కలిపి పడకగదిలో, వంటింట్లో, పసిపిల్ల ఉయ్యాల కట్టిన దూలానికి కూడా కొట్టేస్తున్నారు.

ఆ డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది, ఎవరూ చూడరు. ఎరుపు ఉంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మోనోక్రోటోఫాస్ ఎరుపు గుర్తు మందు. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది వంటనూనెలో ఆ మందు కలవడం వల్లే. అలాంటివి పొలంలో కొట్టేటప్పుడే మాస్కు, చేతి తొడుగులు వేసుకోమంటారు, మనమేమో తలుపులు మూసిన గదిలో కొట్టి రాత్రికి అక్కడే పడుకుంటున్నాం.

పోనీ సాలీళ్ళయినా పోతాయా అంటే అదీ అంతంత మాత్రమే. గూట్లో వేలాడే సాలీడు మందు కొట్టిన గోడని తాకేదే తక్కువ, తాకినా కాళ్ళ కొసలే. తినడానికి పురుగు దొరుకుతున్నన్నాళ్ళూ అది అక్కడే ఉంటుంది, అది పోతే ఇంకోటి వస్తుంది. గోడకి అతుక్కుని అరచేయంత కనిపించే గోధుమరంగు సాలీడుని చూసి కేకలు పెడతారు, అది తినేది బొద్దింకల్ని. పొట్ట కింద తెల్ల బిళ్ళలా మోసుకు తిరిగేది గుడ్ల సంచి, విషం సంచి కాదు. విషం అసలు లేదని అనను, దాదాపు అన్ని సాలీళ్ళకీ ఉంటుంది, పురుగుల్ని చంపుకోవడానికి. చేత్తో పట్టుకున్నా, బట్టల్లో ఇరుక్కున్నా కరవచ్చు, నొప్పి, వాపు వస్తాయి, మామూలుగా తగ్గిపోతాయి. (నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో నీలం రంగు పెద్ద సాలీడు ఒకటుంది, దాని కాటు గట్టిగానే ఉంటుంది, కానీ అది చెట్ల తొర్రల్లో బతికేది, ఇప్పుడు అంతరించే దశలో ఉంది.)

అసలు సంగతేంటంటే, సాలీడు కరిచిందని చెప్పుకునే వాటిలో చాలావరకు కరుస్తుండగా ఎవరూ చూసినవి కావు. వానాకాలంలో ట్యూబ్‌లైటు దగ్గరికి నలుపు, నారింజ రంగుల్లో చీమలాంటి పురుగు వస్తుంది, మెడ మీద నలిపేస్తే దాని రసానికి ఒకటి రెండు రోజుల్లో గీత గీసినట్టు బొబ్బలు లేస్తాయి. నింద సాలీడుకి. ఇంకోటి మరీ ముఖ్యం. జ్వరం ఉండి, ఒంటి మీద ఎక్కడైనా కాలినట్టు నల్లటి పెచ్చు కనబడితే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు, నల్లికంటే చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చేది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో తగ్గిపోయే జబ్బుని సాలీడు విషమని మంత్రం వేయించుకుంటూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. పాత ఇంట్లో నిజంగా భయపడాల్సింది ఎర్ర తేలుకి, ముఖ్యంగా చిన్నపిల్లలున్న చోట. కుట్టాక చెమటలు, వాంతులు మొదలైతే సున్నం రాస్తూ కూర్చోకుండా పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. సాలీడు కాటుకైనా సబ్బు నీళ్ళతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, ఆయాసమో కండరాలు పట్టెయ్యడమో ఉంటే వెంటనే డాక్టరుకి చూపించాలి.

ఇంట్లో చేయాల్సింది పెద్ద పనేం కాదు. బూజుకర్రతో వారం వారం దులిపి, గుడ్ల సంచులు కనబడితే తీసి పారేసి, గోడ పగుళ్ళకి సిమెంటు పెట్టి, పాత పేపర్లు, అట్టపెట్టెలు భోగి దాకా దాచకుండా ఎప్పటికప్పుడు బయటికి పంపేస్తే చాలు. మంచాన్ని గోడకి జానెడు ఎడంగా జరిపి, అటక మీంచి తీసిన బట్టలు, మూలనున్న చెప్పులు దులిపి వేసుకోవాలి.

ఇళ్ళ సంగతి మేం చూసుకుంటాం, అధికారులు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. పురుగుమందుని సీలు తీసి చిన్న సీసాల్లో పోసి అమ్మడం చట్టప్రకారం నేరం, కొన్ని షాపుల్లో అడిగితే పోసి ఇస్తున్నారు, వ్యవసాయ శాఖ వాళ్ళు పల్లెల్లోనే కాక టౌన్లో కూడా తనిఖీ చేయాలి. డబ్బులు తీసుకుని ఇళ్ళకి మందు కొట్టేవాళ్ళకి 1968 నాటి పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి, అది అడిగి చూసే హక్కు మనకుందని వార్డు సచివాలయం గోడకి తెలుగులో ఒక బోర్డు పెట్టినా చాలు, పక్కనే ఆ నల్ల పెచ్చు ఫోటో కూడా. అన్నదమ్ముల తగాదాల్లో తాళం పడి, పిచ్చిమొక్కలు, ఎలుకలు, తేళ్ళతో నిండిపోయిన పాత ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఒకటో రెండో ఉన్నాయి. కార్పొరేషన్ వాటి ఓనర్లకి నోటీసులిచ్చి, వాళ్ళు కదలకపోతే తానే శుభ్రం చేయించి ఆ ఖర్చు ఇంటిపన్నులో కలిపి వసూలు చేయాలి.

— ఒక పాఠకురాలు, పాత గుంటూరు