ఆమె పేరు ముందు పత్రికలో ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

వికీపీడియాలో ఆడవాళ్ల గురించిన వ్యాసాలు తక్కువ, రాసే ఆడవాళ్లు ఇంకా తక్కువ అనే మాట మహిళా దినోత్సవం వచ్చినప్పుడల్లా వింటుంటాం. నిజమే. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ 2011లో జరిపిన సర్వేలో రాసేవాళ్లలో మహిళలు పది శాతం కూడా లేరు. ఇంగ్లిష్ వికీపీడియా జీవిత చరిత్రల్లో మహిళలవి ఇప్పటికీ అయిదో వంతు దగ్గరే ఆగాయి. అయితే ఈ లోటులో పత్రికల వాటా గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం.

కెనడా శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్‌కు 2018 అక్టోబరులో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కంటి ఆపరేషన్లకు వాడే లేజర్ల వెనక ఉన్న పరిశోధన ఆమెది. ప్రకటన వెలువడేనాటికి వికీపీడియాలో ఆమెకు పేజీ లేదు. ఆ ఏడాది మే నెలలోనే ఎవరో చిత్తుప్రతి రాసి పంపితే, ఇచ్చిన మూలాలు, అంటే ఆమె గురించి అచ్చయిన ఆధారాలు, చాలవంటూ తిప్పి పంపారు. ఆమెతో బహుమతి పంచుకున్న జెరార్ మూరూకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే పేజీ ఉంది. విమర్శలు చెలరేగినప్పుడు ఫౌండేషన్ అప్పటి అధిపతి క్యాథరిన్ మార్ విలేకరులకు ఒక మాట గట్టిగా చెప్పారు: మీరు రాయనివాళ్ల గురించి మేం రాయలేం, ముందు మీ పత్రికలు చూసుకోండని. అందులో తప్పించుకునే ధోరణి కొంత ఉందనే అనుకుంటాను. కానీ ఆ మాట అబద్ధం కాదు.

నేను మహిళా డిగ్రీ కళాశాలలో గ్రంథపాలకురాలిని. మా విద్యార్థిని ఒకమ్మాయి తమ మండలంలోని బుర్రకథ కళాకారిణి గురించి వ్యాసం రాయాలనుకుంది. ఆ పెద్దావిడ ఇనప్పెట్టెలో దాచుకున్న పాత పేపర్ కటింగ్ తెచ్చింది. ఫొటోలో నడుమ తంబురా పట్టుకుని నిలబడి కథ చెబుతున్నది ఆవిడే. కింద మాత్రం పక్కన వంత పాడుతున్న భర్త పేరు వేసి ‘బృందం’ అన్నారు. ఈవిడ మీద వికీపీడియాలో పేజీ ఉండదగ్గంత ప్రాముఖ్యత ఉందనడానికి మూలం చూపించమంటే ఆ పిల్ల ఏం చూపిస్తుంది?

ఇవాళ్టి జిల్లా పేజీలూ అంతే. రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ చనిపోతే ‘మాజీ ఎమ్మెల్యే తల్లి కన్నుమూత’ అని శీర్షిక. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి పేరు రెండో పేరాలో, ఒక్కోసారి అసలే ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు మహిళలవి. శంకుస్థాపన వార్తలో కొబ్బరికాయ కొట్టేది మాత్రం ‘సర్పంచ్ భర్త’.

తెలుగులో ఇది కొత్తగా మొదలుపెట్టాల్సిన పనేం కాదు. విజ్ఞానసర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క భండారు అచ్చమాంబ నూట ఇరవై ఏళ్ల కిందటే స్త్రీల చరిత్రలు సేకరించి పుస్తకంగా తెచ్చారు. బడి చదువు లేని మనిషి. ముప్ఫయ్యో ఏట చనిపోయేలోపు ఇంత చేశారు.

మూలాలు దొరికితే సరిపోతుందా అంటే, రాసే అమ్మాయికి భద్రత కూడా కావాలి. అమెరికాలో ఎమిలీ టెంపుల్-వుడ్ అనే విద్యార్థిని తనకు వేధింపు మెయిల్ వచ్చిన ప్రతిసారీ ఒక మహిళా శాస్త్రవేత్త మీద వ్యాసం రాస్తానని పట్టుబట్టింది. ఆమె పట్టుదలకు దండం పెడతాను. కానీ తిట్లు తిని నిలబడగలిగిన వాళ్లే రాయాలంటే మిగిలేది ఎందరు? అందరికీ వర్తించే ప్రవర్తన నియమావళిని వికీమీడియా బోర్డు 2020 డిసెంబరులోనే ఆమోదించింది. వ్యాసం గురించి రాసేవాళ్లు మాట్లాడుకునే చర్చ పేజీలో ఎవరైనా వెకిలిగా రాస్తే వికీపీడియా నిర్వాహకులు ఆ రోజే కలగజేసుకోకపోతే నియమావళి కాగితానికే పరిమితం. మా పిల్లలకు నేను అసలు పేరు, ఫోన్ నంబరు, ఫొటో ఏవీ పెట్టొద్దని, వికీపీడియాలో పెట్టుకునే వాడుకరి పేరుతోనే (మారుపేరుతోనే) రాయమని చెబుతున్నాను. తల్లిదండ్రులు ఒప్పుకుంటున్నదీ ఆ షరతు మీదే.

మీ పత్రికను కోరేవి రెండు. జిల్లా ఎడిషన్ల పాత సంచికలను స్కాన్ చేసి, కనీసం కళాశాల గ్రంథాలయాలకైనా ఉచితంగా అందుబాటులో పెట్టండి. వార్తలో ఉన్న మహిళ పేరును ఇంటిపేరుతో సహా మొదటి వాక్యంలోనే వేయాలని మీ విలేకరులకు చెప్పండి.

ఇట్లు,
ఒక గ్రంథపాలకురాలు,
తూర్పు గోదావరి జిల్లా