నా కంట్లో మచ్చ, నాన్న కాలి మచ్చ

బ్రిస్బేన్

అమ్మా,

ఫోన్లో చెబితే సగం వినకముందే ఏడుపు మొదలుపెడతావని రాస్తున్నా. మొత్తం చదివాకే అన్నయ్యకి ఫోన్ చెయ్యి. ఆఫీసు మామూలే.

కళ్ళజోడు పవర్ చూపించుకుందామని వెళ్తే ఎడమ కంట్లో, లోపల వెనకవైపు, పుట్టుమచ్చ ఉందన్నారు. అద్దంలో చూస్తే కనపడదు. చుక్కల మందు వేసి ఫొటో తీశారు, పండిన నారింజ రంగు గుండ్రం మీద మినపగింజంత బూడిదరంగు మరక. క్యాన్సర్ కాదమ్మా, నీవస్ అంటారు, ఇలాంటిది మెలనోమాగా, అంటే రంగునిచ్చే కణాల క్యాన్సర్‌గా, మారేది ఏడాదికి దాదాపు 8 వేల మందిలో ఒక్కరికి. ఆర్నెల్లకి మళ్ళీ ఫొటో తీసి పక్కన పెట్టి చూస్తారు, అంతే. ఆ మందు వల్లే ఆ రోజు సాయంత్రం దాకా నీ మెసేజ్ చదవలేకపోయా, నువ్వేమో అలిగాననుకున్నావు.

తర్వాత ఆ డాక్టరమ్మ ఒంటి మీద మచ్చలెన్ని, ఇంట్లో ఎవరికైనా మెలనోమా వచ్చిందా అని మొదలుపెట్టింది. కంటికీ చర్మానికీ సంబంధమేంటి అన్నా. రంగునిచ్చే కణాలు కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఒకేచోట పుట్టి కొన్ని చర్మంలోకి, కొన్ని కంట్లోకి వెళ్తాయట. అందుకే చర్మానికి మెలనోమా వచ్చినవాళ్ళని, వంకరటింకర మచ్చలు ఎక్కువున్నవాళ్ళని కళ్ళు కూడా చూపించుకోమంటారు. కొన్ని కుటుంబాల్లో బాప్1 అనే జన్యువు దెబ్బతిని రెండుచోట్లా వస్తుందట. నాయనమ్మ కంటి పక్కన నీలం మచ్చ, తెల్లగుడ్డు మీద కూడా ఉండేది చూడు, దేవుడే పెట్టిన దిష్టిచుక్క అనేది, అదీ చెప్పా. దానికీ పేరుందట, ఓటా నీవస్.

మనకెందుకొస్తుందిలే, తెల్లవాళ్ళ రోగం అంటావు. ఎక్కువ వాళ్ళకే, నిజమే, ఇక్కడ ఆస్ట్రేలియాలో టోపీ లేకపోతే పిల్లల్ని బడిలో ఎండలో ఆడుకోనివ్వరు. కానీ మన రంగు వాళ్ళకి వస్తే ఎక్కువగా ఎండ తగలని చోటే, అరికాల్లో, గోళ్ళ కింద. జమైకా పాటగాడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చింది, ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు, 1981లో 36 ఏళ్ళకే పోయాడు.

నాన్న కుడి అరికాల్లో మచ్చుంది కదా. అరికాల్లో మచ్చ ఉన్నవాడు దేశాలు తిరుగుతాడని నాయనమ్మ అనేది, ఆయన తెనాలి దాటలేదు, తిరుగుతున్నది నేను. కిందటి సంక్రాంతికి కాళ్ళకి నూనె రాస్తుంటే చూశా, ఒకవైపు అంచు చెదిరినట్టుంది. అప్పుడే చెప్పాల్సింది, పండగ పూట ఎందుకులే అని ఊరుకున్నా, నాదే తప్పు.

చెప్పుల రాపిడి అంటారు, వినకు. ఈ వారమే చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ముందు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీసి పంపు, పగటి వెలుతురులో.

నీ చిన్ని