2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన యువజన సంఘం చేసిన పనుల నివేదికను సభ ముందు ఉంచుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఏడాది కార్యవర్గం తొమ్మిదిసార్లు కూర్చుంది. మరో రెండుసార్లు కోరం లేక లేచిపోయాం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా, ఈ ఏడాది మనం పోగొట్టుకున్న ఇద్దరు పెద్దలను తలుచుకుందాం. సంఘం గది కట్టేటప్పుడు నాగావళి ఇసుక తన సొంత బండి మీద తోలింది ఒకరు. పాతికేళ్ళు చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది మరొకరు. సభ మొదలుపెట్టే ముందు వారి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం.

ఆగస్టు 29 సన్మాన సభ

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను. ఊరికి సేవ చేసినవారిని, పిల్లలను ఒక దారిలో పెట్టినవారిని పిలిచి గౌరవించాలని నాలుగేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాం. ఈసారి చేశాం.

ఎవరిని పిలవాలన్న దాని మీద మే, జూన్ నెలల్లో గట్టి వాదనే జరిగింది. పదవుల్లో ఉన్నవారిని సన్మానిస్తే రోడ్డో, గ్రాంటో వస్తుందని కొందరు సభ్యులు అన్నారు. వారు ఊరి మేలు కోరే అన్నారు, కాదనను. కానీ పదవిలో ఉన్నవారికి దండ వేస్తే ఆ దండ మనిషికి వేసినట్టా, కుర్చీకి వేసినట్టా అని మన అధ్యక్షులు అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ప్రస్తుతం ఏ పదవిలోనూ లేనివారు, కనీసం అయిదేళ్ళు సొంత సమయం పెట్టి పనిచేసినవారు, వారివల్ల బాగుపడ్డ పిల్లలు మన కళ్ళ ముందే ఉన్నవారు, ఈ మూడూ ఉన్నవారినే తీసుకోవాలని తీర్మానించాం. యువ విభాగానికి మాత్రం అయిదేళ్ళ నియమం సడలించాం. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఉంది.

తేదీ కూడా ఆలోచించి పెట్టుకున్నదే. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. హాకీ ధ్యాన్‌చంద్ పుట్టినరోజూ అదే కాబట్టి జాతీయ క్రీడా దినోత్సవం కూడా ఆ రోజే. పంతులుగారు 1863లో మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించిన మనిషి. చదువు చెప్పేవారిని, ఆట నేర్పేవారిని ఒకే వేదిక మీద కూర్చోబెట్టడానికి మన జిల్లావాళ్ళకు ఇంతకంటే తగిన రోజు నాకు తోచలేదు.

సన్మానం అందుకున్న నలుగురినీ ఊళ్ళో ఎవరూ పేరు పెట్టి పిలవరు. కాబట్టి ఇక్కడ కూడా ఊరు పిలిచినట్టే రాస్తున్నాను.

మొదట పీఈటీ మాస్టారు. రిటైరై పదకొండేళ్ళయింది. ఆ మర్నాటి నుంచీ చెరువు గట్టు పక్క మైదానంలో తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఆయన విజిల్ వినిపిస్తూనే ఉంది. కరణం మల్లీశ్వరిగారిది ఇక్కడికి దగ్గరే, ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేట. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన మొదటి భారతీయ మహిళ అయిన సంగతి మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. కానీ ఆ మాట చెప్పడం వేరు, ఆడపిల్లల చేత బరువులెత్తే ఇనుప కడ్డీ, అదే బార్, పట్టించడం వేరు. ఇంటింటికీ వెళ్ళి, అరుగు మీద కూర్చుని, తల్లిదండ్రులను ఒప్పించి ఆరుగురు అమ్మాయిలను ఆయన మైదానానికి తెచ్చారు. "బరువులెత్తితే పొడుగు పెరగరు, పెళ్ళిళ్ళు కావు" అన్నవారి మాటలన్నీ ఓపిగ్గా విన్నారు.

సన్మానానికి ఏం కావాలో చెప్పండని ఆయన్ను అడగడానికి జూలైలో నేనూ, కోశాధికారిగారూ వెళ్ళాం. శాలువాలు నాలుగున్నాయి, పెట్టెలో మడిచే ఉన్నాయన్నారు. కాసేపు ఆగి, "అమ్మాయిలకి పదిహేను కిలోల బార్ ఒకటి ఇప్పించగలరా?" అన్నారు. అప్పటిదాకా నాకూ తెలియదు. మగవారి బార్ 20 కిలోలు, ఆడవారిది 15 కిలోలు. బరువులోనే కాదు, మందంలోనూ తేడా ఉంటుంది. ఆడవారి బార్ సన్నగా, చిన్న చేతికి పట్టు దొరికేలా ఉంటుంది. మన అమ్మాయిలు ఇన్నాళ్ళూ మగపిల్లల బార్‌తోనే నేర్చుకుంటున్నారు. పోటీకి వెళ్తే చేతికి కొత్త బార్ వస్తుంది, పట్టు తప్పుతుంది. ఆ సాయంత్రమే కార్యవర్గానికి ఫోన్లు చేసి, సన్మాన ఖర్చులో పెద్ద భాగం ఆ బార్‌కే పెట్టాలని నిర్ణయించాం.

రెండోవారు సుబేదారు గారు. సైన్యం నుంచి వచ్చాక తన పొలం పని తాను చూసుకుని ఊరుకోవచ్చు. అలా ఊరుకోలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటలను నేలకూల్చినప్పుడు మన కుర్రాళ్ళను ట్రాక్టరులో ఎక్కించుకుని వెళ్ళి, దారులకు అడ్డం పడ్డ చెట్లు కోయించింది ఆయనే. ఇప్పుడు సైన్యంలో నాలుగేళ్ళ ఉద్యోగానికి జరిగే అగ్నివీర్ ర్యాలీలకు వెళ్ళే పిల్లలను తయారుచేస్తున్నారు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల లోపు పరిగెత్తితే 60 మార్కులు, పది పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు. ఇవి రావడానికి రోజూ కాలువ గట్టు మీద వాచీ పట్టుకుని నిలబడతారు. నాలుగేళ్ళ తర్వాత నూటికి పాతికమందినే కొనసాగిస్తారని, మిగిలినవాళ్ళు తిరిగొచ్చాక ఏం చేయాలో ఇప్పుడే ఆలోచించుకోవాలని పిల్లలకు దాచకుండా చెబుతారు. అదే నాకు ఆయనలో నచ్చేది.

మూడోవారు యువ విభాగంలో మన డిగ్రీ అమ్మాయి. 2023 నుంచి అగ్నివీర్‌కు ముందు ఆన్‌లైన్ పరీక్ష, ఆ తర్వాతే ర్యాలీ. గుర్రాల్లా పరిగెత్తే మన కుర్రాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని లెక్కల దగ్గర ఆగిపోయారు. సుబేదారు గారు ఈ అమ్మాయిని అడిగితే, సంఘం గదిలో రాత్రి ఏడు నుంచి తొమ్మిది వరకు లెక్కలు, జనరల్ నాలెడ్జి చెప్పడం మొదలుపెట్టింది. తనకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా ముందు బల్ల మీద కూర్చుని నేర్చుకుంటున్నారు. ఈ ఏడాది నలుగురు రాత పరీక్ష దాటారు, ఇద్దరు చేరారు. మిగతా ఇద్దరూ మళ్ళీ తయారవుతున్నారు.

నాలుగోవారు డ్వాక్రా అమ్మ. పనులకోసం విశాఖకో, హైదరాబాదుకో, చెన్నైకో వలసపోయే కుటుంబాలు మన ఊళ్ళో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. పది పాసైన ఆడపిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక పెళ్ళి చేసేసి వెళ్ళిపోతారు. ఈ అమ్మ ఆ పిల్లలను హాస్టళ్ళలో చేర్పించింది, సీటు దొరకని ఇద్దరిని తన ఇంట్లోనే పెట్టుకుని ఇంటర్ చదివించింది. ఒకసారి ముహూర్తం పెట్టాక కూడా వెళ్ళి, పద్దెనిమిది నిండలేదని అడ్డం కూర్చుంది. ఆ ఇంటివాళ్ళు రెండేళ్ళు పలకరించలేదు. సభలో వేదిక మీదికి పిలిస్తే రానంది. "నానేటి సేసినాను బాబూ, గుంటని బడికి అంపమన్నాను, అంతే గదా" అని కింద ఆడవాళ్ళ మధ్యే కూర్చుంది. ఆమె ఇంట్లో ఉండి చదివిన అమ్మాయి ఇప్పుడు నర్సుగా చేస్తోంది. సెలవు పెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయే చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చింది. ఆ సమయంలో మాట్లాడడానికి నాకు గొంతు పెగల్లేదు. అధ్యక్షులే మైకు తీసుకున్నారు.

శాలువాల బదులు నలుగురికీ పొందూరు ఖద్దరు పెట్టాం. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, సన్నగా వడికి నేసే బట్ట మన పక్కనే ఉండగా బజారు శాలువా ఎందుకని మహిళా సభ్యులు అన్నారు. సరైన మాట.

సభ సాయంత్రం నాలుగుకు అనుకున్నాం. ముఖ్య అతిథిగా వస్తామని ఒక అధికారి రెండుసార్లు మాటిచ్చారు. వారి వీలు కోసమే ఉదయం పెట్టుకున్న సభను సాయంత్రానికి మార్చాం. అయిదున్నర దాకా ఎదురుచూశాం. ఫోన్ ఎత్తలేదు. యూనిఫారాలతో వచ్చిన చిన్నపిల్లలు గంటన్నర బయటే నిలబడ్డారు. రాలేకపోవడం ఎవరికైనా జరుగుతుంది, ఒక్క ఫోన్ చేసి చెబితే పిల్లలకు ఆ తిప్పలు తప్పేవి. ఈ మాట వారికి ఉత్తరంలో రాశాను, జవాబు రాలేదు. చివరికి మన ఊరి పెద్ద రైతు, ఎనభై దాటిన తాతగారి చేతుల మీదుగా సన్మానం జరిపించాం. ఇక మీదట ముఖ్య అతిథి కోసం సభ ఆపకూడదని కార్యవర్గం తరఫున ప్రతిపాదిస్తున్నాను, ఆమోదించగలరు.

ఉపన్యాసాలు తగ్గించాం. మాస్టారు చేతికి కొత్త బార్ ఇవ్వగానే ఆయన దాన్ని నేరుగా అమ్మాయిల ముందు పెట్టారు. ఆ నెల మొదట్లోనే పారిస్ ఒలింపిక్స్‌లో మన వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను ఒక్క కిలో తేడాతో పతకం పోగొట్టుకోవడం ఆ ఆరుగురూ రాత్రి మేలుకుని చూశారు. ఆ ఒక్క కిలో గురించే వారాల తరబడి మాట్లాడుకున్నారట. వారిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ముందుకొచ్చి, చేతులకు సుద్దపొడి రాసుకుని, ఖాళీ బార్‌ను స్నాచ్‌లో, అంటే ఒకే ఊపులో, తలమీదికి ఎత్తి నిలబెట్టింది. పదిహేను కిలోలే. కానీ షామియానా కింద ఉన్న జనమంతా లేచి నిలబడ్డారు. "బరువులెత్తితే పెళ్ళి కాదు" అన్న మామ్మగారు చప్పట్లు కొట్టడం నేను చూశాను.

వరద సాయం

సభ అయిన మూడు రోజులకే, ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక వాయుగుండం మన కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. మనకు పెద్ద నష్టం లేకుండా పోయింది, బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. సుబేదారు గారి పిల్లలు, రాత్రి తరగతి పిల్లలు కలిసి రెండు రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి పదకొండు బస్తాల బియ్యం, దుప్పట్లు, బట్టలు పోగుచేసి లారీకి ఎక్కించారు. తిత్లీ అప్పుడు మనకు బియ్యం పంపింది కూడా అటువైపు వాళ్ళే.

స్వచ్ఛంద సేవకుల విషయం

బాధతోనే రాస్తున్నాను. సన్మాన సభ పనులకు వాట్సాప్ గ్రూపులో "నేనొస్తాను" అన్నవారు 31 మంది. ఆ రోజు పొద్దున్న షామియానా గుంజలు పాతడానికి వచ్చినవారు ఏడుగురు. వారిలో ముగ్గురు ఆడపిల్లలు. కుర్చీలు తిరిగి చేర్చడానికి రాత్రి పదకొండుకు మిగిలింది నేను, కోశాధికారిగారు, ఆయన కొడుకు. కోరం లేక రెండు సమావేశాలు ఆగిపోయాయని ముందే చెప్పాను. పనులున్నవారు రాలేమని చెప్పవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. వస్తానని చెప్పి రాకపోతే మాత్రం ఆ బరువు వచ్చిన ఏడుగురి మీదే పడుతుంది. వచ్చే ఏడాది కార్యవర్గంలో పేరు ఇచ్చేవారు ఈ మాట ఆలోచించుకుని ఇవ్వాలని వేడుకుంటున్నాను.

ఇతర కార్యక్రమాలు

జూన్‌లో నోటుపుస్తకాల పంపిణీ, నవంబరులో కంటి పరీక్షల శిబిరం, జనవరి 12న వివేకానంద జయంతి నాడు పరుగు పందెం, సంక్రాంతికి ముగ్గులు, వాలీబాల్ పోటీలు ఎప్పటిలాగే జరిగాయి. మైదానంలో దీపం కోసం పెట్టిన అర్జీ మూడోసారి కూడా ఎక్కడుందో తెలియలేదు. తెల్లవారుజామున పిల్లలు ఇప్పటికీ సెల్‌ఫోన్ లైట్లలోనే పరిగెడుతున్నారు. ఈసారి సభ్యులు పదిమంది కలిసి స్వయంగా వెళ్దాం.

జమాఖర్చులు

కోశాధికారిగారు వివరంగా చదువుతారు కాబట్టి టూకీగా. ప్రారంభ నిల్వ 11,340 రూపాయలు, సభ్యత్వ రుసుము 18,600, విరాళాలు 64,500, మొత్తం 94,440. ఖర్చు 86,215. నిల్వ 8,225. వరద సాయం వస్తు రూపంలో వెళ్ళింది గనుక ఇందులో లేదు. 142 మంది సభ్యుల్లో 93 మందే 200 రూపాయల రుసుము కట్టారు. బిల్లులన్నీ ఫైలులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

కృతజ్ఞతలు

షామియానా, మైకు సగం ధరకే ఇచ్చిన సోదరుడికి, మూడు వందల మందికి పులిహోర చేసిపెట్టిన మహిళా సంఘం వారికి, బడి ఆవరణ వాడుకోనిచ్చిన హెడ్మాస్టరుగారికి, పొందూరు వెళ్ళి బట్ట ఎంచి తెచ్చిన ఇద్దరు అక్కలకు, విశాఖ నుంచి బార్‌ను తన ఆటోలో జాగ్రత్తగా తెచ్చిన మన సభ్యుడికి, హైదరాబాదు, చెన్నై, గల్ఫ్ నుంచి విరాళాలు పంపిన మన ఊరివారికి, లెక్కలు ఉచితంగా తనిఖీ చేసిన ఆడిటరుగారికి, ఆ ఏడుగురికి పేరుపేరునా నమస్కారాలు. ఎవరినైనా మరచిపోతే అది నా పొరపాటే, మన్నించండి.

చివరిగా ఒక విన్నపం. అమ్మాయిల బార్ ఇప్పుడు సంఘం గదిలో మూలన ఉంటోంది. తాళంచెవి ఒకటి మాస్టారి దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి. వానాకాలంలో తుప్పు పట్టకుండా వారానికోసారి తుడిచి నూనె రాయాలి. బార్‌కు తగిలించే బరువు ప్లేట్లు ఇంకా మగపిల్లలవే వాడుతున్నారు. రెండున్నర, అయిదు కిలోల ప్లేట్లు జతలు రెండు కావాలి. ఇవ్వదలచినవారు ఈ రోజు సభ ముగిసేలోగా కోశాధికారిగారికి చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి