బాపు జబ్బ మీద మచ్చలు

విద్యానగర్, హైదరాబాద్
ఆషాఢం, శనివారం రాత్రి

చిన్నా,

ఫోన్‌లో చెప్పేదానికి ఈ కాగితాలెందుకని విసుక్కోకు. ఫోన్‌లో నువ్వు నన్ను వరసగా రెండు మాటలు చెప్పనివ్వవు. నేనూ నిన్ను చెప్పనివ్వననుకో, అది వేరే సంగతి. పైగా ఫోన్ చెవిన పెట్టుకోగానే బాపు పక్కకొచ్చి "ఎవరు, ఎవరు" అంటాడు, చెప్పేది సగంలోనే పోతుంది. ఇప్పుడు పడుకున్నాడు. ఎదురింటి అమ్మాయి పొద్దున ఆరింటికల్లా వచ్చి వీటిని ఫోటోలు తీసి నీకు పంపుతానంది. నా చేతిరాత చూసి ఎన్నాళ్ళైందో నీకు, నిదానంగా చదువు.

ముందు నువ్వు ఎదురుచూస్తున్న కబురు. ఫ్లూ సూది ఇద్దరం వేయించుకున్నాం, నిన్న శుక్రవారం పొద్దున. బాపుకి జ్వరం గిరం ఏమీ లేదు. నాకు చెయ్యి కొంచెం సలుపుతోంది, అంతే.

ఇక నువ్వు పోయిన ఆదివారం పంపిన వార్త సంగతి. "మంచి మూడ్‌లో ఉండి వేయించుకుంటే టీకా బాగా పనిచేస్తుందట, నవ్వుకుంటూ వెళ్ళమ్మా" అని రాసి కింద మూడు పసుపు మొహాలు పెట్టావు. అది వచ్చిన పావుగంటకే ఫోన్ చేసి, ఊరి బయట కడుతున్న ఆ వృద్ధుల హోమ్ గురించి, బాపుని అక్కడ చేర్పించడం గురించి ఎత్తుకున్నావు. నాయనా, ఒక చేత్తో బెల్లం పెట్టి ఇంకో చేత్తో వేపాకు రసం పోస్తే ఈ నోటికి ఏ రుచి అంటుకుంటుంది? ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. నిన్ను నొప్పించాలని కాదు, జరిగింది చెబుతున్నా.

ఇన్నేళ్ళు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినదాన్ని, వార్త చదివి ఊరుకోబుద్ధి కాలేదు. ఎదురింటి అమ్మాయి ఫార్మసీ చదువుతోంది కదా, దాన్నడిగి అసలు పరిశోధన పేపరు తీయించాను. అద్దాలు తుడుచుకుంటూ రెండు రాత్రులు చదివాను.

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది అది. 2014-15 ఫ్లూ సీజన్‌లో 65 నుంచి 85 ఏళ్ళ వయసున్న 138 మందిని తీసుకున్నారు. సూదికి రెండు వారాల ముందు మొదలుపెట్టి, వేసిన నాలుగు వారాల దాకా, వారానికి మూడుసార్లు వాళ్ళ చేత రాయించారు: ఏం తిన్నారు, ఎంత నడిచారు, ఎలా నిద్రపోయారు, మనసెలా ఉంది. నాలుగో వారంలో ఒకసారి, పదహారో వారంలో ఒకసారి రక్తం తీసి ప్రతిరక్షకాలు కొలిచారు. మీరు యాంటీబాడీలంటారు, నేను క్లాసులో చెప్పింది ప్రతిరక్షకాలనే. తిండి, నడక, నిద్ర, ఏవీ ఆ ప్రతిరక్షకాలతో ముడిపడి లెక్కకి నిలవలేదు. దిగులు కూడా నిలవలేదట, అది నాకు వింతగా ఉంది. నిలిచింది ఒక్క ఉల్లాసమే. అందులోనూ సూది వేయించుకున్న ఆ రోజు మనసు ఎలా ఉందన్నదే ఎక్కువ పట్టింది. ఒకరికీ ఇంకొకరికీ ప్రతిరక్షకాల్లో ఉన్న తేడాలో 8 నుంచి 14 శాతం దాకా దానితో ముడిపడి ఉందని లెక్క తేల్చారు.

నీ వార్త రాసినాయన ఇక్కడ నుంచి పరుగు లంకించుకున్నాడు. నేను ఆగాను. 14 శాతం అంటే నవ్వినవాడికి టీకా 14 శాతం ఎక్కువ పనిచేస్తుందని కాదు. అరవై మంది ఉన్న క్లాసులో ఒకడికి ఎనభై, ఒకడికి ముప్ఫై మార్కులు వస్తాయి. ఆ తేడాకి నూటొక్క కారణాలు. అందులో ఒక చిన్న వాటా పరీక్ష రోజు పొద్దున టిఫిన్ తిన్నారా లేదా అన్నదానిది అనుకో. అంతమాత్రాన రెండు ఇడ్లీలు తిన్నవాడికి పద్నాలుగు మార్కులు కలపం కదా. ఇంకోటి, ఆ ఏడాది వేసిన టీకా అంతకుముందు ఏడాది వేసినదే. చాలామందికి ముందే ప్రతిరక్షకాలున్నాయి. టీకాలో మూడు రకాల వైరస్‌లుంటే ఈ ముడి కనబడింది ఒక్క హెచ్1ఎన్1 అనే రకం మీదే. పైగా వాళ్ళెవరినీ సంతోషపెట్టి చూడలేదు, ఉన్నవాళ్ళను ఉన్నట్టు చూశారు. కోడి కూతకీ తెల్లవారడానికీ పొత్తు ఉంది, నిజమే. కోడి వల్ల తెల్లవారుతుందని నేను పిల్లలకు ఎన్నడూ చెప్పలేదు. తరవాత వాళ్ళే ఇంకో చిన్న పరీక్ష పెట్టారు. సూదికి ముందు పావుగంట సేపు మనసు తేలికపడే వీడియో చూపించారు. మనసు తేలికపడింది. ప్రతిరక్షకాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

అంటే ఇదంతా వట్టిదని కాదు. మా వయసులో టీకా సరిగ్గా అందుకోలేకపోవడం ఉన్నదే. రొమ్ము ఎముక వెనకాల థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది, టీ కణాలకు, అంటే రోగాలతో పోరాడే తెల్లకణాలకు, బడి లాంటిది. యవ్వనం వచ్చినప్పటి నుంచే అది కుంచించుకుపోతూ వస్తుంది, మా వయసుకి చాలావరకు కొవ్వు. కొత్త వైరస్‌ని గుర్తుపట్టి నేర్చుకునే కణాలు తగ్గిపోతాయి. అందుకే ముసలివాళ్ళకు టీకా బలం ఇంకాస్త పెంచే దారి ఎక్కడన్నా దొరుకుతుందేమోనని వాళ్ళూ వెతుకుతున్నారు. బర్మింగ్‌హామ్‌లో 65 దాటిన 276 మందికి కొందరికి పొద్దున 9 నుంచి 11 లోపు, కొందరికి మధ్యాహ్నం 3 నుంచి 5 లోపు ఫ్లూ సూది వేసి చూశారు. మూడు రకాల్లో రెండింటికి పొద్దున వేయించుకున్నవాళ్ళకే ప్రతిరక్షకాలు ఎక్కువ వచ్చాయి. ఇది నాకు నచ్చింది. పొద్దున వెళ్ళడం నా చేతిలో పని. నవ్వు రమ్మంటే రాదు.

తెలిసీ గురువారం మధ్యాహ్నమే వెళ్ళాం, చూడు నా తెలివి. బాపుని స్నానం చేయించి బయటికి తీసేసరికి రెండైంది. అక్కడ టోకెన్ ఇచ్చి కూర్చోమన్నారు. గంటంబావు కూర్చోబెట్టి, టీకా అయిపోయింది, మళ్ళీ రండి అన్నారు. ఆ గంటంబావులో బాపు పదిహేనుసార్లు లేచి "ఇంటికి పోదాం పా" అన్నాడు. ఆటోలో వస్తుంటే "ఎవరింటికి పోతున్నం?" అన్నాడు. నేను అరిచాను. ఆటో అతను అద్దంలోంచి చూశాడు. ఇంటికొచ్చి కుక్కర్ పెట్టి, అది కూస్తున్నంతసేపూ కూర్చుని ఏడ్చాను. అప్పుడు నీ పసుపు మొహాలు గుర్తొచ్చాయి.

అయినా మనసు బాగుపడ్డాక వేయించుకుందాంలే అనుకోలేదు. అట్లా కూర్చుంటే వర్షాకాలం పోతుంది, మన దగ్గర ఫ్లూ ఎక్కువగా తిరిగేది వానల్లోనే. మూడీగా వేయించుకున్నవాళ్ళకు టీకా పనిచేయదని ఏ పేపర్లోనూ రాయలేదు.

శుక్రవారం పొద్దున్నే ఇంకో చోటికి బయల్దేరాం, నల్లకుంట వైపు. ఫీవర్ ఆస్పత్రి దాటుతుంటే బాపు ఆటోలోంచి వేలు చూపించి "కోరంటి దవాఖాన" అన్నాడు! మన గల్లీ పేరు చెప్పి రెండు నెలలైంది ఆయన. మీకెవరికీ ఆ పేరు తెలియదు, క్వారంటైన్ మన నోళ్ళలో కోరంటి అయింది. కరోనా రాకముందే ఈ ఊళ్ళో ఆ మాట ఉందని అప్పుడు తట్టింది నాకు.

అసలు కథ లోపల. నర్సమ్మ బాపు చొక్కా చెయ్యి పైకి మడిచింది. జబ్బ మీద ఆ రెండు మచ్చలు, రూపాయి బిళ్ళంత. "ఇవేంటి తాతా, కాలిందా?" అంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో పిల్లకి, ఎన్నడూ చూళ్ళేదట. ఎట్లా చూస్తుంది, అవి మశూచి టీకా మచ్చలు. మన దేశంలో ఆ జబ్బు ఆఖరి కేసు 1975 మేలో, తరవాత కొన్నాళ్ళకు ఆ టీకా వేయడమే మానేశారు. నీ చేతి మీదున్నది బీసీజీ మచ్చ, క్షయ రాకుండా వేసే టీకాది, అది వేరు.

బాపు చెప్పడం మొదలుపెట్టాడు. గట్టిగా, నిండుగా, ఎన్నాళ్ళకో విన్నాను ఆ గొంతు. "టీకాల సారు సైకిల్ మీద ఊళ్ళెకొచ్చిండంటే పిల్లలం పరార్. చేతిమీద పెట్టి గిర్రున తిప్పుతుండె, నీ సూది అనుకున్నవా? నేను పోయి వడ్ల గరిసెల దాక్కున్న. ఆణ్ణే మా నాయినమ్మ బెల్లం దాచింది. సారు పొయ్యేదాక కూసుని మొత్తం తిన్న. సాయంత్రం కడుపునొప్పి. నాయినమ్మ ఏమన్నదెరుకనా? అమ్మోరికి కోపమొచ్చిందని నా నెత్తి మీద యాపకొమ్మలు తిప్పింది. మర్నాడు ఆ సారు మళ్ళొచ్చి పట్టుకున్నడు." వెనక కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. ఎప్పుడు పొడిచిందో ఏమో, నర్సమ్మ దూది పెట్టి "అయిపోయింది తాతా" అంటే బాపు ఇంకా గరిసెలోనే ఉన్నాడు. నాకు వేసేటప్పుడు "అమ్మా, నవ్వితే చెయ్యి కదులుతుంది" అని కసిరింది. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఈ బెల్లం కథ నాకెన్నడూ చెప్పలేదు మీ బాపు.

ఆ నిమిషాన నాటింగ్‌హామ్ వాళ్ళెవరైనా ఎదురుపడి మనసెలా ఉందమ్మా అంటే ఏం రాసేదాన్నో! వచ్చేటప్పుడు శంకరమఠం దగ్గర దిగి బండి మీద ఇడ్లీ తిన్నాం. బాపు రెండు ప్లేట్లు లాగించి, ఎవరిదమ్మా పెళ్ళి అని అడిగాడు. బోనాల మైకులు వినబడి అనుకున్నాడేమో. అవును, పెళ్ళే అన్నాను.

ఇంతవరకూ రాసి ఆపేద్దామనుకున్నా. కానీ ఆ రెండు రాత్రుల్లో ఇంకో పేపరు కూడా కంటపడింది, అది నీకు చెప్పకపోతే ఈ ఉత్తరం రాసీ లాభం లేదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీది, 1996లో అచ్చయింది. మతిమరుపు జబ్బు వచ్చిన భర్తనో భార్యనో ఇంట్లో చూసుకుంటున్న 32 మందికి, అదే వయసులో ఆ బరువు లేని 32 మందికి ఫ్లూ టీకా వేసి చూశారు. బరువు లేనివాళ్ళలో 21 మందికి ప్రతిరక్షకాలు నాలుగింతలు పెరిగాయి. చూసుకునేవాళ్ళలో 12 మందికే. ఈ పేపరుకి ఎవరూ పసుపు మొహాలు పెట్టి పంపరు. ఆ ముప్ఫై ఇద్దరి వరసలో నేనూ నిలబడి ఉన్నట్టనిపించింది.

అందుకని నవ్వుతూ ఉండు అనే సలహా నాకొద్దు. వేరేవి కావాలి, రాసి పెడుతున్నా.

హోమ్ మాట ఎన్నటికీ ఎత్తొద్దని అనను. నా ఓపిక అయిపోయిన రోజున నేనే చెబుతాను. ఇప్పుడు కాదు. ఇప్పటికి పొద్దున పది నుంచి రెండింటి దాకా బాపు దగ్గర కూర్చునే మనిషిని పెట్టుకుంటాను. పై వీధిలో ఒకాయన ఉన్నాడు, బాపుని నొప్పించకుండా మాట్లాడతాడు. పోయినసారి నేను ఈ మాటంటే బయటివాళ్ళు ఇంట్లోకెందుకమ్మా అన్నావు. ఆ నాలుగు గంటలు నువ్వు వచ్చి కూర్చోలేవు కాబట్టి ఆ మాట మళ్ళీ అనకు. డబ్బు నా పింఛన్‌లోంచే ఇస్తాను. నేను పాత స్టాఫ్‌రూమ్ వాళ్ళతో ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వస్తాను, లేదంటే పడుకుని నిద్రపోతాను. ఎక్కువ నిద్రే పోతానేమో.

డిసెంబర్‌లో నువ్వొక్కడివే రా, పదిహేను రోజులు. కోడలికీ పాపకీ బడి సెలవుల్లో వేరే చూద్దాం. నువ్వు బాపు దగ్గరుంటే నేను హనుమకొండలో అక్క దగ్గరికి పోతాను. మూడేళ్ళైంది పోయి. బాపుని ఒంటరిగా చూసుకోవడమంటే ఏమిటో నీకూ తెలుస్తుంది. ఇది కోపంతో అనడం లేదు. తెలిస్తే మన ఇద్దరికీ హోమ్ గురించి మాట్లాడుకోవడం తేలికవుతుంది.

ఆదివారం ఫోన్‌లో బీపీ ఎంత, షుగర్ ఎంత, మందులు వేశావా అని హాజరు పట్టీ చదువుతావు. అవి వాట్సాప్‌లో రాస్తాలే. ఫోన్ బాపుకిచ్చి నేను దేవుడి దగ్గర దీపం పెట్టుకుంటాను, నువ్వు ఆయనతో మాట్లాడు. నిన్ను గుర్తుపట్టకపోయినా పరవాలేదు. మనిషి గుర్తు లేకపోయినా కథ చెప్పడానికి అడ్డం లేదాయనకి. నీ గొంతు కూడా ఈమధ్య బాగాలేదు చిన్నా, నువ్వు నిద్ర సరిగ్గా పోవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది.

రేపు ఏడింటికి చేస్తావుగా. గరిసెలో బెల్లం ఎవరు తిన్నారని అడుగు. నిన్న తనే తిన్నానన్నాడు. ఇవాళ సాయంత్రానికి మీ చిన్నాయన మీదకి నెట్టేశాడు.

అమ్మ