సబ్‌టైటిల్స్ ఆపితే సినిమా కదిలింది

ఒరేయ్,

నాస్‌లోని (అదే, ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టెలోని) సినిమాలు టీవీలో ఎలా చూస్తున్నావని అడిగావు కదా, ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని తీరిగ్గా రాస్తున్నా.

నాస్‌లో జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ వేశాను, అందులోని సినిమాల్ని టీవీకి పంపేది అదే. ఉచితం. సినిమాల ఫోల్డర్ చూపిస్తే పోస్టర్లూ వివరాలూ అదే తెచ్చుకుంటుంది. ఫైల్ పేరులో సినిమా పేరు, పక్కన బ్రాకెట్లో విడుదలైన సంవత్సరం ఉంటే పొరపాటు పడదు. టీవీలో దాని యాప్ తెరిచి నాస్ ఐపీ అడ్రస్, చివర పోర్ట్ 8096 కొట్టాలి. రౌటర్‌లో ఆ ఐపీని నాస్‌కే కేటాయించు. లేకపోతే కరెంటు పోయొచ్చినప్పుడు అడ్రస్ మారిపోయి టీవీకి నాస్ కనపడకుండా పోవచ్చు.

ఇంతవరకూ ఒక్క సాయంత్రం పని. అసలు తిప్పలు తర్వాత మొదలయ్యాయి. సినిమా రెండు నిమిషాలు ఆడేది, ఆగేది, తెర మధ్యలో చక్రం తిరిగేది. వైఫై తప్పే అనుకుని లాన్ కేబుల్ లాగాను. అయినా అంతే. రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి సినిమా ఆడుతుండగా జెల్లీఫిన్ డాష్‌బోర్డ్ తెరిచి చూస్తే అక్కడ ‘ట్రాన్స్‌కోడింగ్’ (వీడియోని వేరే రూపంలోకి మార్చడం) అని ఉంది, నాస్ ప్రాసెసర్ 100 శాతం దగ్గర కూర్చుంది.

కారణం ఏంటో తెలుసా? సబ్‌టైటిల్స్! బ్లూరే నుంచి వచ్చే పీజీఎస్ సబ్‌టైటిల్స్ అక్షరాలు కావురా, బొమ్మలు. మా టీవీ యాప్‌కి అవి చూపించడం రాదు. దాంతో నాస్ ఆ బొమ్మల్ని వీడియో మీద అతికించి, వీడియోనంతా అప్పటికప్పుడు మళ్లీ తయారుచేసి పంపాలి. దాని చిన్న ప్రాసెసర్‌కి అంత శక్తి ఎక్కడిది? సబ్‌టైటిల్స్ ఆపగానే ‘డైరెక్ట్ ప్లే’ అని, అంటే ఫైల్‌ని ఉన్నదున్నట్టే పంపడానికి, మారింది, సినిమా హాయిగా ఆడింది. ఆ క్షణం ఎంత సంతోషమేసిందో! ఇప్పుడు సబ్‌టైటిల్స్ అక్షరాలుగానే ఉండే ఎస్ఆర్‌టీ ఫైల్‌ని సినిమా పేరుతోనే పక్కన పెడుతున్నా. తెలుగువైతే యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చెయ్యి, లేదంటే పిచ్చి గుర్తులు వస్తాయి.

ఇంకోటి. చాలా టీవీల్లో లాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. 4కే బ్లూరే ఫైల్ కొన్ని సీన్లలో అంతకు మించి అడుగుతుంది. అలాంటివాటికి 5 గిగాహెర్ట్జ్ వైఫై నయం, రౌటర్ అదే గదిలో ఉంటే మరీనూ.

ఇంటి వీడియోలు మాత్రం వేరే డిస్క్‌లో ఇంకో కాపీ ఉంచు. ఒకే డేటాని రెండు డిస్కుల్లోనూ రాసే రెయిడ్ ఉందిలే అని ధైర్యపడకు, పొరపాటున చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ పోతాయి.

నాస్ కొనేముందు నీ టీవీ మోడల్ నంబర్ పంపు. ఏ ఫార్మాట్లు నేరుగా ఆడుతుందో చూసి చెప్తా.

ఉంటాను మరి.