ఏడాదికి ఎన్ని మైళ్ళు?

డల్లాస్, ఆదివారం పొద్దున

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నువ్వేమో షాపులో బేరాల మధ్య ఉన్నావు, ఇక్కడ పిల్లలు ఒకటే గోల. "సొంత డబ్బుతో కొనుక్కున్న బండి, ఏడాదికి ఇన్ని మైళ్ళే తిప్పాలని ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పడమేంట్రా?" అన్నావు. ఆ మాట మనసులోనే ఉండిపోయింది. నువ్వు కూడా బాబాయిగారి అంబాసిడర్‌ని షెడ్డులోంచి తీయిస్తున్నావు కదా, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

నాది 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారని తెలుసుగా, ఆరు సిలిండర్లది. దాన్ని మామూలు కారు పాలసీలో పెడితే, ప్రమాదం జరిగిన రోజుకి బండి విలువ ఎంతని వాళ్ళే కడతారు. పాత బండికి ఆ లెక్క దగ్గరే పేచీ వస్తుంది. క్లాసిక్ కారు పాలసీలో అలా కాదు. బండి ఎంత చేస్తుందో పాలసీ తీసుకునే రోజే ఇద్దరం ఒప్పుకుని కాగితం మీద రాసుకుంటాం. దీన్ని అగ్రీడ్ వాల్యూ అంటారు. బండి పూర్తిగా పోతే ఆ మొత్తమే లెక్క. ప్రీమియం కూడా మామూలు పాలసీ కంటే సాధారణంగా తక్కువే ఉంటుంది. దానికి బదులుగా వాళ్ళడిగేవి కొన్ని ఉంటాయి. బండి తాళం వేసిన గ్యారేజీలో ఉండాలి. ఆఫీసుకి వెళ్ళిరావడానికి వేరే కారు ఉండాలి. ఏడాదికి ఇన్ని మైళ్ళ లోపే తిప్పాలి. కొన్ని కంపెనీలు అంకె పెట్టవు, రోజువారీ పనులకి వాడొద్దంటాయి, అంతే. అంకె పెట్టేవాళ్ళ దగ్గర 1,000, 2,500, 5,000 ఇలా మెట్లుంటాయి. బండి రోడ్డు మీద తక్కువగా ఉంటే ప్రమాదానికి అవకాశం తక్కువ, అందుకే డబ్బూ తక్కువ. ఇందులో నాకు అన్యాయమేమీ కనిపించలేదు.

నేను పొరపాటు చేసింది అంకె ఎంచుకోవడంలో. మొదటి ఏడాది ప్రీమియం తగ్గుతుందని 1,000 మైళ్ళది తీసుకున్నా. మన లెక్కలో 1,600 కిలోమీటర్ల పైచిలుకు. ఆదివారం సరదాకి తిప్పే బండికి ఇది చాలనుకున్నా. అయితే పాత బండి ఆరోగ్యంగా ఉండాలంటే వారానికోసారైనా ఆయిల్ బాగా వేడెక్కేదాకా తిప్పాలిరా. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే లాభం లేదు, సైలెన్సర్లో తేమ చేరుతుంది. దానికి కనీసం 20 మైళ్ళు పోవాలి. ఏడాదికి 52 వారాలు. ఎంతయింది? 1,040. అంటే ఎక్కడికీ సరదాగా పోకుండా, బండికి వ్యాయామం చేయించడానికే ఆ లిమిట్ చాలదు! మెకానిక్ దగ్గరికి వెళ్ళిరావడం, రిపేరయ్యాక టెస్ట్ డ్రైవ్, అన్నీ మీటరు మీదే పడతాయి. లారీ మీద ఎక్కించి తీసుకెళ్తే తప్ప.

సెప్టెంబరుకల్లా 930 అయిపోయాయి. టెన్షన్ పట్టుకుంది. పాలసీ రెన్యువల్ జనవరిలో. అప్పటిదాకా బండిని కదపకుండా కవర్ కప్పి ఉంచేశాను. తీసి చూస్తే బ్యాటరీ చచ్చిపోయింది, కార్బురేటర్లో పెట్రోలు పాడైంది, వెనక చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతోంది. నేలమీద ఆ మరక చూసి నాకు నిజంగా ఏడుపొచ్చింది. రిపేరుకైన ఖర్చులో పై మెట్టుకి కట్టాల్సిన తేడా ఎన్నో వంతు కూడా కాదు. ముందే ఒక ఫోన్ చేసి 2,500కి మార్చమంటే సరిపోయేది. నడి ఏడాదిలో కూడా మార్చుకోవచ్చని ఆ తర్వాతే తెలిసింది.

ఇంకోసారి స్పీడోమీటర్ కేబుల్ తెగింది. ముల్లూ లేవదు, మైళ్ళూ తిరగవు. ఎవరు చూడొచ్చారు అనుకోవచ్చు. కానీ రేపు ఏదైనా జరిగి క్లెయిమ్‌కి వెళ్తే మొదట అడిగేది మీటరు రీడింగే. లిమిట్ దాటిందని తేలితే పాలసీని బట్టి క్లెయిమే చిక్కుల్లో పడొచ్చు. అందుకే అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టి, మీటరు ఫోటో పంపి, కేబుల్ మార్చిన బిల్లు దాచుకున్నా. పైగా దీని మీటరులో మైళ్ళకి ఐదంకెలే. 99,999 దాటితే మళ్ళీ సున్నా. ఫోటోలూ బిల్లులూ లేకపోతే బండి అసలు ఎంత తిరిగిందో ఎవరూ చెప్పలేరు.

ఇక నీ సంగతి. అక్కడ ఇండియాలో ఐదేళ్ళు దాటిన బండి ఐడీవీని, అంటే పాలసీలో రాసే బండి విలువని, మనమూ కంపెనీ మాట్లాడుకుని తేల్చుకోవచ్చు. వాళ్ళు వేసిన అంకెకి తలూపొద్దు. ఫోటోలు, చేయించిన పనుల బిల్లులు పట్టుకెళ్ళు. తిప్పినంతకే కట్టే యాడ్ ఆన్‌లకి, అంటే పాలసీకి అదనంగా తీసుకునేవాటికి, 2022లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఒప్పుకుంది, నీ బండికి ఇస్తారేమో అడుగు. అది ఓన్ డ్యామేజీ, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టే ప్రీమియానికే. ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ఎలాగూ కట్టాల్సిందే. బాబాయిగారిది 1972 బండి కాబట్టి 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ కిందికి వస్తుంది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్నవాటికే ఆ రిజిస్ట్రేషన్. డీజిల్ ఇంజిన్ వేయిద్దామని మెకానిక్ అన్నాడన్నావు చూడు, దయచేసి వద్దురా. ఆ 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌నే బాగు చేయించు. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే రోజూ షాపుకి వేసుకెళ్ళడానికి కుదరదు, అది కూడా ఆలోచించుకో.

పిన్నిని ఎక్కించుకుని కృష్ణ ఒడ్డునే అమరావతి దాకా వెళ్ళి రావాలన్నావు కదా. అలాంటివి నెలకెన్ని ఉంటాయో కాగితం మీద వేసుకుని, దానికి వారం వారం తిప్పేది కలిపి, అప్పుడు కంపెనీకి అంకె చెప్పు.

ఎండ ఎక్కకముందే నేనూ ఓ 20 మైళ్ళు తిప్పుకొస్తా. అంబాసిడర్ మీటరు ఫోటో తీసి పంపు, ఈరోజు తేదీ కనిపించేలా.

నీ
కిట్టు