మా రెండో సాక్షిగా నిలబడ్డ పెద్దాయనకు కృతజ్ఞతలు

చుట్టాలూ పందిరీ లేకుండా, అమెరికాలోని యూటా ఎడారిలో ఒక ఇరుకు లోయలో ఇద్దరే చేసుకుంటున్న పెళ్లి, నేను ఫొటోగ్రాఫర్‌ని. అక్కడి చట్టం ప్రకారం 18 నిండిన సాక్షులు ఇద్దరుండాలి. ఒకరు నేను, రెండో ఆవిడ కారు దారిలో ఆగిపోయింది. అలాంటి లోయల్లో సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే వెలుగు లోపలిదాకా దిగుతుంది, అదీ కాసేపే, అందుకే మా టెన్షన్.

అప్పుడు కర్ర పట్టుకుని ఎదురొచ్చారు మీరు. సంగతి చెప్పగానే ఇంకో మాట అడక్కుండా బ్యాగు దించి, టోపీ తీసి పెళ్లయ్యేదాకా నిలబడ్డారు. కాగితం మీద మరక పడకూడదని మీ తాగే నీళ్లతోనే (ఆ ఎండలో!) చేతులకంటిన ఎర్ర ఇసుక కడుక్కుని, చొక్కాకి తుడుచుకుని మరీ సంతకం పెట్టారు. అంతటితో వెళ్లిపోవచ్చు కదా, లేదు, గాలికి ఇసుక లేస్తుంటే నేను లెన్స్ మార్చేదాకా మీ జాకెట్ అడ్డం పట్టారు. ఎక్కడో దూరంగా వాన పడినా ఇక్కడికి వరద వచ్చేస్తుంది, మబ్బు కనిపిస్తే ఆగకండి అని చెప్పి మరీ కదిలారు.

ఒక ఫొటోలో మీరూ పడ్డారండీ, చాలా బాగా వచ్చింది. ఇది మీ కంటపడితే ఒక్క మాట చెప్పండి, ప్రింట్ తీయించి పంపుతాం.